అమ్మ గదికి లేత చందనమా, లేత పిస్తానా? (నల్ల బండలు, పడమటి కిటికీ)

పెన్నఒడ్డు (కడప), ఆదివారం ఉదయం

అందరికీ నమస్కారం. మూడు వారాలుగా ఇంట్లో ఈ సంగతి తేలడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

గది అమ్మది. 11 × 12 అడుగులు, ఎత్తు పది. ఒకటే కిటికీ, పడమర వైపు, వీధిలోకి ఉంటుంది. తలుపు తూర్పున, హాల్లోకి. కింద నల్ల కడప బండలు. నాన్న ఉన్నప్పుడు దగ్గరుండి పాలిష్ పట్టించినవి, వాటిని తీసే మాటే లేదు. గోడలకు పాత ఆకాశనీలం డిస్టెంపర్ ఉంది, చెయ్యి ఆనిస్తే పొడి అంటుతోంది.

షేడ్ కార్డు తిప్పి తిప్పి చివరికి రెండు మిగిలాయి. లేత చందనం, లేత పిస్తా. నాకు చందనం మీద మనసు. అమ్మకు పిస్తా. "పచ్చగా ఉంటే కంటికి సల్లగా ఉంటాది" అంటుంది. తమ్ముడేమో బెంగళూరు నుంచి ఫోన్ చేసి రెండూ వద్దు, తెల్లగా కొట్టించెయ్ అంటున్నాడు.

అమ్మకు 74 ఏళ్లు. రెండు నెలల కింద కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఎడమ కంటికి ఇంకా చేయించాలి. పగలంతా ఆమె ఉండేది ఆ గదిలోనే. పొద్దున లేచింది మొదలు ఆమె చూసేది ఆ గోడలనే కాబట్టి తొందరపడి తప్పు చేయకూడదని టెన్షన్‌గా ఉంది. ఇలాంటి గదికి వేయించినవాళ్లు ఉంటే చెప్పండి.


హంద్రీవీధి (కర్నూలు)

పిస్తా వేయించండి అక్కా. మా పడసాలలో ఆరేళ్లుగా అదే ఉంది. ఎండాకాలం లోపలికి వస్తే గది చల్లగా అనిపిస్తుంది.


నాపరాయి (బేతంచెర్ల)

అన్నా, అనిపించడం వరకు నిజమే. కానీ లోపలి గోడ రంగుకు గది వేడికి పెద్ద సంబంధం లేదు. మన వైపు గది కాలిపోయేది మిద్దె పైనుంచి, ఆ తర్వాత పడమటి కిటికీ నుంచి. పైన మిద్దెకు తెల్ల పూత వేయించి, కిటికీకి బయట తడకో పందిరో కడితే వేడి తగ్గుతుంది. లోపల పిస్తా అయినా చందనం అయినా థర్మామీటర్‌కు ఒకటే.

అక్కా, నేను ఇళ్ల ప్లాన్లు గీసే పనిలో ఉన్నాను. మీ ప్రశ్నలో నాకు మొదట కనపడింది గోడ కాదు, కింద ఉన్న నల్ల బండలు. కిటికీలోంచి వచ్చే ఎండ ముందు నేల మీద పడుతుంది. అక్కడి నుంచి ఎగిరి పైకప్పుకు, గోడలకు పోతుంది. నేల తెల్ల మొజాయిక్ అయితే ఆ వెలుగులో చాలా భాగం తిరిగి గదిలోకి వస్తుంది. నల్ల బండ దాన్ని మింగేస్తుంది. అందుకే కడప బండలున్న గదిలో అదే రంగు, అదే డబ్బా, పక్కింట్లో కన్నా ఒక మెట్టు ముదురుగా కనిపిస్తుంది.

కంపెనీవాళ్లు ఒక్కో షేడ్‌కు ఎల్‌ఆర్‌వి అని ఒక అంకె ఇస్తారు. మీద పడిన వెలుగులో ఆ రంగు ఎంత వెనక్కి పంపుతుందో చెప్పే లెక్క అది. సున్నా అంటే కటిక నలుపు, 100 అంటే మచ్చలేని తెలుపు. షాపులో అడగండి, లేదా కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ షేడ్ పేరు కింద ఉంటుంది. మీ గదికి 70 దాటినదే తీసుకోండి. చందనమా పిస్తానా అన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.


పెన్నఒడ్డు

ఇది ఎవరూ చెప్పలేదు తమ్ముడూ. షాపాయన కార్డు చూపించి "ఇది బాగా పోతోంది మేడం" అన్నాడు, అంతే. అంకెలు కనుక్కుని చెప్తా.


కుంచె_అనంత (అనంతపురం)

అక్కా, నేను పెయింటర్‌ని. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. రంగు మాట తర్వాత, ముందు మీ గోడ సంగతి. చెయ్యి ఆనిస్తే పొడి వస్తోందన్నారు కదా, దాని మీద నేరుగా ఎమల్షన్ కొట్టిస్తే సంవత్సరం తిరిగేలోపు పొరలు పొరలుగా లేస్తుంది. పాత డిస్టెంపర్ మొత్తం తడిపి గీకించాలి. ఎమరీ పేపర్ పట్టి, కడిగి, ఆరనిచ్చి, ప్రైమర్ వేయాలి. తర్వాత లప్పం రెండు చేతులు, మళ్లీ ఎమరీ, మళ్లీ ప్రైమర్. ఆ తర్వాతే రంగు రెండు కోట్లు. "పైపైన దులిపి కొట్టేద్దాం మేడం, రెండు రోజుల పని" అనేవాళ్లుంటే ఒప్పుకోవద్దు.

తలుపులకు, కిటికీ చట్రానికి పాత ఎనామిల్ ఉంటే పొడిగా గీకనివ్వొద్దు. పాతకాలం ఎనామిల్‌లో సీసం ఎక్కువ. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదన్న నియమం అమల్లోకి వచ్చింది 2017 నవంబర్‌లోనే. అంతకు ముందువి ఏమున్నాయో మనకు తెలియదు కాబట్టి నీళ్లు చల్లి తడి మీద రుద్దించండి. ఆ రెండు రోజులు అమ్మను, పిల్లలను ఆ దరిదాపుల్లో ఉంచొద్దు.


హంద్రీవీధి

పెయింటర్ అన్న చెప్పింది అక్షరాలా నిజం. మాది కర్నూలు పాతబస్తీ. 2009 అక్టోబర్ వరదలో మా ఇంట్లో నీళ్లు నిలిచాయి. పండక్కి ఇల్లు శుభ్రంగా కనపడాలని, గోడలు పైకి ఆరినట్టు కనిపించగానే రంగు కొట్టించాం. ఆరు నెలలకు నడుము ఎత్తు వరకు బుడగలు లేచాయి. గోరుతో తడితే రంగు పెచ్చు ఊడి, వెనక తెల్లగా ఉప్పు. గోడ లోపలి తడి అప్పటికీ పోలేదన్నమాట. మళ్లీ మొత్తం గీకించాల్సి వచ్చింది. మా నాన్న ఆ గోడను చెయ్యి పెట్టి చూస్తూ చాలాసేపు అట్లే నిలబడ్డాడు. అది మాత్రం నేను మరిచిపోలేను.

అక్కా, మీ గది గోడకు అవతల వైపు బాత్‌రూమ్ ఉందా? ఉంటే తడి చూసుకోండి.


పెన్నఒడ్డు

లేదు అన్నా, బాత్‌రూమ్ హాలుకు అవతల ఉంది. గోడలు పొడిగానే ఉన్నాయి.


వేంపల్లె_అమ్మాయి (కడప)

అక్కా, నేను కంటి పరీక్షలు చేసే పనిలో ఉన్నాను. అమ్మగారి కంటి గురించి రాశారు కాబట్టి ఒకటి అడుగుతా. ఆమెను గోడకు ఎదురుగా కూర్చోబెట్టి, ముందు ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను మూసి చూడమనండి. రెండు కళ్లకు ఒకే రంగు కనిపిస్తోందా?


పెన్నఒడ్డు, అదే రోజు రాత్రి

ఇప్పుడే అడిగాను. నాకు ఒళ్లు జలదరించింది.

అమ్మ ఎడమ కన్ను చేత్తో మూసుకుని చూసింది. "నీలంగా ఉంది, ఆకాశం మాదిరి" అంది. చెయ్యి మార్చింది. కాసేపు ఏం మాట్లాడలేదు. "ఈ కంటికి నీలం లేదే, బూడిద మీద పసుపు చల్లినట్టుంది" అంది. మళ్లీ మార్చి చూసింది, మళ్లీ మార్చింది. "ఇన్నేండ్లూ నేను చూసింది ఈ గోడ కాదా?" అని నన్ను అడిగింది.


వేంపల్లె_అమ్మాయి

అవునక్కా, చాలామంది అదే మాట అంటారు. వయసు పైబడేకొద్దీ కంట్లో సహజ లెన్స్ పసుపు తేలుతుంది. నీలం వెలుగును అది లోపలికి సరిగా పోనివ్వదు. ఇది ఏళ్ల మీద జరుగుతుంది కాబట్టి మనిషికి తెలియదు. ఆపరేషన్‌లో ఆ లెన్స్ తీసి కొత్తది పెట్టాక తెలుపు తెల్లగా, నీలం నీలంగా కనిపిస్తాయి.

అందుకే నా సలహా: ఇప్పుడు ఎడమ కన్ను చూసేదాన్ని బట్టి రంగు తేల్చుకోవద్దు. రేపు దానికీ ఆపరేషన్ అయ్యాక అమ్మగారు కుడి కన్నుతో చూసినట్టే చూస్తారు. శాంపిల్ చూసేటప్పుడు ఎడమ కన్ను మూసుకుని చూడమనండి.

రంగు పేరు కన్నా ముఖ్యమైనవి రెండున్నాయి. గోడకు మెరుపు ఉండకూడదు. శుక్లం ఉన్న కంటికి మెరుపు సూదిలా గుచ్చుకుంటుంది. మ్యాట్ ఫినిష్ తీసుకోండి. రెండోది, లేత గోడ మీద తెల్ల స్విచ్ బోర్డు పెద్దవాళ్లకు కనపడదు. చందనమైనా పిస్తా అయినా అంతే. బోర్డు చుట్టూ ముదురు పట్టీ ఉండాలి. తలుపు చట్రం కూడా గోడ కన్నా బాగా ముదురుగా ఉంటే మంచిది.


బొమ్మలసారు (హిందూపురం)

డ్రాయింగ్ మాస్టారుగా రిటైరయ్యాను. ఆ అమ్మాయి చెప్పింది రంగుల పనిలో మొదటి పాఠం. కంటికి ముందు అందేది వెలుగు నీడల తేడా. ఎరుపా పచ్చా అన్నది ఆ తర్వాత. మా పక్కనే లేపాక్షి ఉంది. వీరభద్రస్వామి గుడి మండపం పైకప్పు మీద విజయనగరం కాలం బొమ్మలు, పదహారో శతాబ్దంవి. మండపంలో వెలుతురు తక్కువ, రంగులు చాలాచోట్ల వెలిసిపోయాయి. అయినా కింద నిలబడి తలెత్తితే ఎవరు ఎటు తిరిగి నిలుచున్నారో తెలుస్తుంది. ఎందుకంటే ప్రతి బొమ్మ చుట్టూ ముదురు గీత ఉంది. పిల్లలను తీసుకుపోయిన ప్రతిసారీ ఆ గీతనే చూపించేవాణ్ని. మీ అమ్మగారి స్విచ్ బోర్డుకు కావలసింది కూడా అదే గీత.

ఇంకొక మాట. పాత నీలం గోడ మీద శాంపిల్ పూసి చూడకండి. నీలం పక్కన చందనం ఉన్నదానికన్నా పసుపుగా కనిపించి మోసం చేస్తుంది. చెక్క మీద వేయండి, చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పు తెల్ల అంచు వదలండి.


తెల్లమిద్దె (జమ్మలమడుగు)

తెలుపు అన్న తమ్ముడి మాట ఎవరూ పట్టించుకోలేదు, నేను చెప్తానమ్మా. మా జేజి ఇంట్లో ఏటా సంక్రాంతి ముందు సున్నం కొట్టేవాళ్లం. రాతిసున్నం బానలో వేసి నీళ్లు పోస్తే కుతకుతా ఉడికేది. పిల్లలను దూరంగా పొమ్మని అరిచేవాళ్లు. చల్లారాక వడకట్టి, కొంచెం గంజి కలిపి, చివర నీలిమందును గుడ్డలో మూటకట్టి ముంచేది మా జేజి. ఒకసారి తిప్పి తీసేయాలి. ఎక్కువైతే గోడ నీలమవుతుంది, వేయకుంటే నాలుగు రోజులకే పసుప్పచ్చగా కనపడుతుంది. కింద మూరెడు ఎత్తు ఎర్రమన్ను పట్టీ. తెలుపు నిలబడేది ఆ నీలి వల్ల, ఆ ఎర్రమన్ను వల్ల.

ఇప్పటి తెల్ల ఎమల్షన్ నల్ల బండల గదిలో మరీ తెలుపూ నలుపూ అయిపోతుంది. మా కోడలు వేయించింది, రాత్రి ట్యూబ్‌లైట్ కింద ఆస్పత్రి వార్డు మాదిరి ఉంది. పెద్దమనిషి పగలంతా ఉండే గదికి నేనైతే వద్దంటాను.


కుంచె_అనంత

శాంపిల్‌కు కొన్ని కంపెనీలు చిన్న డబ్బాలు ఇస్తాయి అక్కా, అడగండి. రెండు ప్లైవుడ్ ముక్కలు, రెండేసి అడుగులవి. ప్రైమర్ వేసి రెండు కోట్లు. పచ్చిగా ఉన్నప్పుడు చూసి తీర్మానం చేయొద్దు, ఎమల్షన్ ఆరాక కొంచెం ముదురుతుంది. ఒక రోజు ఆగండి. తర్వాత ఒక్కో గోడకు ఆనించి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి చూడండి. నాలుగు గోడలకూ వేశాక గోడ రంగు గోడ మీద పడి ఇంకాస్త చిక్కబడుతుంది. అందుకని నచ్చినదానికి ఒక మెట్టు లేతది తీసుకోమని నేను అందరికీ చెప్తాను.


పెన్నఒడ్డు, గురువారం రాత్రి

వై.వి. స్ట్రీట్‌కు పోయి రెండు శాంపిళ్లు తెచ్చాను. అంకెలు కూడా కనుక్కున్నా. చందనం 68, పిస్తా 72. చందనంలోనే ఒక మెట్టు లేతది 75 ఉంది, అదీ తెచ్చాను. మూడు చెక్కలు. రెండు రోజులు చూశాం, వివరంగా రాస్తున్నా, ఓపికగా చదవండి.

సాయంత్రం నాలుగు. పడమటి ఎండ నేరుగా లోపలికి వచ్చింది. తూర్పు గోడకు ఆనించిన చందనం పండిన అరటిపండు తొక్క రంగుకు మారింది. మరీ పసుపు. పిస్తా మాత్రం మెత్తగా, చిగురు మాదిరి ఉంది. అమ్మ గెలిచినట్టే అనుకున్నా. కానీ ఆ టైమ్‌లో బండల మీద ఎండ పడి, పాలిష్ అద్దంలా తళుక్కుమని అమ్మ కళ్లు మూసుకుంది. ఆ మెరుపు ఇన్నాళ్లూ నేను గమనించలేదు.

రాత్రి. అమ్మ గదిలో తెల్ల ఎల్‌ఈడీ ట్యూబ్, డబ్బా మీద 6500కె అని ఉంది (ఆ అంకె పెరిగేకొద్దీ వెలుగు తెల్లగా, తగ్గేకొద్దీ పసుపుగా ఉంటుంది). దాని కింద పిస్తా పచ్చిగా, నీలం కలిసినట్టు. చందనం కొంచెం వాడిపోయినట్టుంది. హాల్లోంచి పసుపు బల్బు తెచ్చి పెట్టాను, అది 3000కె. వెంటనే చందనం వెచ్చబడింది, పిస్తా ఏ రంగో చెప్పలేకుండా అయింది.

అసలు సంగతి మరుసటి రోజు పొద్దున ఎనిమిదింటికి జరిగింది. అమ్మ కాఫీ తాగుతూ కిటికీ పక్కన కూర్చునే టైమ్ అది. పిస్తా చెక్క చూస్తే బూడిద రంగు. మాసిన గుడ్డలాగా ఉంది. చెక్క తడిసిందేమో అని తుడిచి కూడా చూశాను. అదేం కాదు. కిటికీకి తెర వేస్తే మళ్లీ పచ్చగా మారింది. తెర తీస్తే బూడిద. అప్పుడు బయటికి చూశాను. ఎదురింటి వాళ్లు పోయిన దసరాకు ముందుగోడకు ముదురు నారింజ వేయించారు. ఆ గోడ తూర్పు మొహం. పొద్దుటి ఎండ దాని మీద నిండుగా పడి, ఆ నారింజ వెలుగంతా మా కిటికీలోంచి లోపలికి వస్తోంది. తెల్ల కాగితం పట్టుకుంటే కాగితం కూడా లేత నారింజే.

అదే వెలుగులో లేత చందనం చెక్క మాత్రం పీచు పండు రంగులో, చూడ్డానికి హాయిగా ఉంది.


బొమ్మలసారు

ఎంత బాగా కనిపెట్టారమ్మా! నారింజ వెలుగు పచ్చ మీద పడితే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, బూడిదే మిగులుతుంది. చందనంలో ఇప్పటికే ఎరుపు పసుపు ఉన్నాయి కాబట్టి ఆ వెలుగును కలుపుకుంటుంది.


నాపరాయి

అక్కా, అమ్మగారు ఏ పూట ఆ గదిలో కిటికీ దగ్గర ఎక్కువసేపు ఉంటారు? దాన్ని బట్టి తేలిపోతుంది.

ఇంకొకటి. ఎండ దారి ఏడాది పొడుగునా ఒకటిగా ఉండదు. వేసవిలో సూర్యుడు వాయవ్యం వైపు దిగుతాడు, ఎండ మీ దక్షిణపు గోడ వైపు పడుతుంది. డిసెంబర్‌లో నైరుతి వైపు, అప్పుడు ఉత్తరపు గోడకు. కిటికీ ఉన్న పడమటి గోడకు మాత్రం నేరుగా వెలుగు ఎప్పుడూ రాదు. అది నీడలోనే ఉంటుంది, పక్కనే కిటికీ ధగధగలాడుతుంటుంది. ఆ తేడా కంటికి శ్రమ. కాబట్టి ఆ గోడకైనా సరే తప్పకుండా లేతదే వేయండి. పైకప్పు తెల్ల మ్యాట్.


పెన్నఒడ్డు

పొద్దున ఆరు నుంచి పదకొండు వరకు కిటికీ దగ్గరే. వీధిలో పూలమ్మి, పాలబ్బాయి, బడికి పోయే పిల్లలు, అందరితో మాట కలిపేది అప్పుడే. మధ్యాహ్నం నిద్ర. నాలుగైతే హాల్లోకి వచ్చేస్తుంది, ఎండ అని.


వేంపల్లె_అమ్మాయి

అలాగైతే పొద్దుటి వెలుగుదే మాట. బండల మెరుపుకు జంపఖానా లాంటివి పరచొద్దక్కా, కాలికి తట్టుకుంటే ప్రమాదం. మూడున్నరకు పల్చటి తెర వేస్తే చాలు. ఇంకోటి, ఆ గదికి గడప ఉంటే దాన్ని పసుపు రంగుతో ఉంచండి. నల్ల బండ మీద నల్ల గడప వాళ్లకు కనపడదు.


పెన్నఒడ్డు

గడప రాతిదే, నలుపే. శుక్రవారం శుక్రవారం పసుపు రాస్తాం, నాలుగు రోజులకు అరిగిపోతుంది. ఈసారి పసుపు ఎనామిల్ వేయిస్తా.

మొదట నేను తెచ్చిన చందనం వద్దు. 75 అంకె ఉన్న లేత చందనం నాలుగు గోడలకూ. అమ్మను కూర్చోబెట్టి పొద్దున చెక్కలు చూపించాను, ఎడమ కన్ను మూయించి. ఆమే అంది, "పొద్దున ఆ పచ్చ చచ్చిపోయినట్టుంది, ఇదే కానీ" అని. అని ఊరుకోలేదు. గోడలోని అల్మారా తలుపుల వైపు చూపించి, "వాటికైనా పచ్చ వేయించు" అంది. అల్మారా ఉత్తరపు గోడకు ఉంది. పిస్తా చెక్క తీసుకుపోయి అక్కడ పెట్టి చూశాం. కిటికీకి పక్కగా ఉంటుంది కాబట్టి నారింజ వెలుగు అక్కడ తక్కువ, పచ్చ పచ్చగానే ఉంది.


తెల్లమిద్దె

పెద్దామె మాట దక్కింది. సంతోషం.


కుంచె_అనంత

అల్మారాకు కార్డులో పిస్తా కన్నా రెండు మెట్లు ముదురు తీసుకోండి అక్కా. మరీ లేతదైతే చందనం పక్కన మాసిన తెలుపులా కనపడుతుంది. తలుపులకు ఎనామిల్ అయినా మెరుపు తక్కువుండే శాటిన్ అడగండి.

గోడల రంగు మొత్తం ఒకేసారి కలిపించుకోండి. మధ్యలో చాలకపోయి మళ్లీ తెస్తే మిషన్ అదే అయినా వెంట్రుకవాసి తేడా వస్తుంది. రెండు డబ్బాలైతే పెద్ద బకెట్‌లో పోసి కలిపి వాడమనండి. మన ఎండకు రంగు తొందరగా బిగుసుకుని రోలర్ అంచులు చారలు పడతాయి. ఎండ వచ్చే గోడలు పొద్దునే ముగించమనండి. అయిపోయాక షేడ్ కోడ్, బేస్ (మిషన్‌లో రంగు కలపకముందు డబ్బాలో ఉండే మూల పెయింట్) పేరు, తేదీ ఒక కాగితం మీద రాసి అల్మారా తలుపు లోపల అంటించండి. అయిదేళ్ల తర్వాత ఎక్కడైనా గీత పడితే అదే మిమ్మల్ని కాపాడుతుంది.


పెన్నఒడ్డు, పదహారు రోజుల తర్వాత

పని అయింది. గీకడానికే మూడు రోజులు పట్టింది. బేల్దారిని పిలిపించి రెండు పగుళ్లు కూడా పూడిపించాం. స్విచ్ బోర్డుల చుట్టూ రెండు వేళ్ల వెడల్పు కాఫీ రంగు పట్టీ వేయించా, తలుపు చట్రానికీ అదే రంగు. ట్యూబ్ తీసేసి పసుపు ఎల్‌ఈడీ పెట్టాను.

నిన్న రాత్రి రెండింటప్పుడు అమ్మ గదిలో లైటు వెలిగింది. ఏమైందోనని పరుగెత్తాను. మంచం దిగి, జీరో బల్బు వెలుగులో ఎవరినీ పిలవకుండా తనే బోర్డు దగ్గరికి నడిచి స్విచ్ వేసుకుంది. ఇంతకుముందు నన్ను లేపేది. "ఆ నల్లగీత కనపడింది లే, నువ్వు పో పడుకో" అంది.

అల్మారా తలుపులకు రెండో కోటు రేపు. కాగితం రాసి పెట్టాను అన్నా, అంటించడమే మిగిలింది.